పదిహేడో కట్ట

“ఇప్పుడు చెప్పు. నాకు చెప్పినావు గదా, మా నాయనకూ చెప్పు” అన్నాడు మారుతి.

సువర్ణ తల ఎత్తలేదు. “ఆ ముడి నాదే మామా” అంది.

బొరుగుల ఉగ్గాని గిన్నె నలుగురి మధ్యా ఉంది. ఎవరూ వడ్డించుకోలేదు. అత్త అంజనమ్మ చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. మామ జయరాముడు మాత్రం చెంబు ఎత్తి రెండు గుక్కల నీళ్ళు తాగి, మూతి తుడుచుకుని, చెంబు కింద పెట్టాడు. చూసేవాళ్ళకు ఆ మాట ఆయన చెవిన పడిందా లేదా అని అనుమానం వస్తుంది. పడింది. ఆ ఇంట్లో ఆయన చెవిన పడని మాటంటూ లేదు.

మూడు వారాలుగా కక్కలేక మింగలేక తిరిగింది సువర్ణ. ఇవాళ పొద్దున నీళ్ళ ట్యాంకరు దగ్గర బిందెల వరసలో నిలబడి మొగుడి చెవిలో చెప్పేసింది. ఇంతకంటే మంచి చోటు దొరకలేదా అంటే దొరకలేదు. పైగా ఇంక ఆగడానికి వ్యవధి లేదు. పదకొండు గంటలకు కంపెనీ కారు ఇంటికి వస్తోంది.

“ఏ ముడి?” అంది అంజనమ్మ, తెలిసే.

“పదిహేడో కట్టలోది అత్తా. శాటిలైట్‌లోది.”

ధర్మవరానికీ పుట్టపర్తికీ మధ్య, ఒకప్పుడు చెనిక్కాయ పండిన ఎర్రచేలల్లో శతఘ్ని డిఫెన్స్ వాళ్ళు ఫ్యాక్టరీ పెట్టి ఆరేళ్ళయింది. మొదట ఫిరంగులకు విడిభాగాలు చేశారు. తర్వాత ఉపగ్రహాలు మొదలుపెట్టారు. జనం నోట్లో మాత్రం అది ఇప్పటికీ ఫిరంగుల కంపెనీయే.

ఉపగ్రహం కడుపులో వేల వైర్లు ఉంటాయి. వాటిని కట్టలుగా చేర్చి, మైనం పూసిన సన్నటి దారంతో అంగుళానికో ముడి వెయ్యాలి. ముడి వదులైతే వైరు ఊగుతుంది. బిగిస్తే కోసుకుపోతుంది. అది యంత్రాలకు లొంగని పని. పట్టుపోగు పట్టిన వేళ్ళకైతే లొంగుతుందని ఎవరికో బుద్ధి పుట్టి, కంపెనీవాళ్ళు ధర్మవరం నేతగాళ్ళ వీధుల్లో తిరిగారు. చివరికి జయరాముణ్ణి పట్టుకున్నారు. రెండు నెలలపాటు నలభై మంది ఆడవాళ్ళను ఎదురుగా కూర్చోబెట్టుకుని, వేలు ఎలా వంచాలో, దారం ఎంత లాగాలో ఆయనే నేర్పాడు. “ముడి వాళ్ళది, చెయ్యి నాది” అని ఇప్పటికీ చెప్పుకుంటాడు.

ఆ నలభై మంది కట్టిన మొదటి ఉపగ్రహం మిలిటరీవాళ్ళది. మబ్బు పట్టినా సరిహద్దు చూస్తుందట. పైకి వెళ్ళి తొమ్మిది రోజులు చక్కగా పలికింది. పదో రోజు మూగబోయింది. అది చివరగా పంపిన సంకేతాలను తిరగేసి మరగేసి, కరెంటు పోయింది పదిహేడో కట్టలోనే అని కంపెనీవాళ్ళు తేల్చారు. ఆ కట్ట మీద పని చేసింది ఇద్దరే. ఒకరు సువర్ణ, ఇంకొకరు పుష్పావతి. అప్పటినుంచి కట్టల విభాగానికి తాళం పడింది. నలభై మందీ ఇళ్ళలోనే ఉన్నారు.

“ఏమయిందో చెప్పు. మొదటినుంచీ” అన్నాడు జయరాముడు.

“దారం కోసేటప్పుడు కత్తి జారింది మామా. వైరు పైతోలు గీసుకునింది. వెంట్రుకంత. లోపల రాగి తళుక్కుమనింది.”

“అట్లయితే ఏం చేయల్లని కంపెనీ లెక్క?”

“ఎర్ర చీటీ రాసి ఆడనే కట్టల్ల. పని నిలిపెయ్యల్ల. సార్లు వచ్చి ఆ వైరు మొత్తం పీకి కొత్తది వేస్తారు.”

“రాసినావా?”

“లేదు.”

“మరేం చేస్తివి?”

“ముడి రవ్వంత జరిపి దాని మీద వేసినా. కనపడకుండా.”

ఎందుకని ఆయన అడగలేదు. ఎందుకో ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

నేతింట్లో పోగు తెగితే ఎవరూ కేక పెట్టరు. తడివేలితో మెలిపెట్టి, అతుకు తెలియకుండా అతికి, మగ్గం మళ్ళీ ఆడిస్తారు. చీర మడత విప్పి చూసే సేటుకు అతుకు దొరికిందా, నేతగాడి పరువు పోయినట్టే. దొరకలేదా, అతుకే లేనట్టు. సువర్ణ కోడలుగా వచ్చిన ఏడాది ఆమెకు ఈ విద్య నేర్పింది మామే. ఆమె వేసిన అతుకు ఎక్కడుందో వెతికి వెతికి ఆయనే ఓడిపోయిన రోజున ఇంట్లో పాయసం చేశారు.

ఆకాశంలోకి పోయే వస్తువుకు ఈ న్యాయం చెల్లదని కంపెనీవాళ్ళు వందసార్లు చెప్పారు. తప్పు జరిగితే నేరం కాదు, దాస్తేనే నేరం అని గోడల మీద పెద్దపెద్ద అక్షరాలతో రాశారు కూడా. గోడమీది రాతను చదివేది కళ్ళు. వైరు గీసుకున్న ఆ క్షణంలో పని చేసింది వేళ్ళు. తనిఖీ చేసే సార్లు భూతద్దం పెట్టి చూసి కూడా ఏమీ పట్టుకోలేకపోతే, ఆ రోజు సువర్ణకు లోలోపల గర్వమే కలిగింది. అది తలుచుకుంటే ఇప్పుడు ఆమెకు ఒళ్ళంతా కంపరం.

“నేర్పినాయనవు నువ్వే గదా. ఇప్పుడు పోలీసోని మాదిరి అడుగుతాండావే!” అంది అంజనమ్మ మొగుడితో.

“నేను చీరకు నేర్పినా” అన్నాడు జయరాముడు.

మారుతి లేచి నిలబడ్డాడు. “అయిందేదో అయింది. ఇంక ఆ మాట ఈ గడప దాటకూడదు. కంపెనీలో అడిగితే గుర్తులేదని చెప్పినావు గదా, దాని మీదే ఉండు.”

“పుష్పావతి నాది కాదని తెగేసి చెప్పింది. నేను గుర్తులేదంటి. ఎవరు దాస్తాండారో చిన్నబిడ్డకు కూడా తెలుస్తాది” అంది సువర్ణ.

“తెలిస్తే తెలియనీ. రుజువు యాడుండాది?”

“ఫోటో ఉండాది. పైకి పంపేముందు ప్రతి కట్టకూ తీస్తారు. అది పట్టుకోనే వస్తాండారు. ముడి చూసి ఎవరి చెయ్యో మామ చెప్తాడని ఆడోళ్ళందరూ చెప్పినారంట.”

అదీ సంగతి. కారు వస్తున్నది సువర్ణ కోసం కాదు, జయరాముడి కోసం.

పేరు తేలిన మనిషికి ఉద్యోగం పోవడం చిన్న ముచ్చట. పోయింది మిలిటరీ సొత్తు. కేసు పెడతారట. కావాలని చేశావా, ఎవరైనా చేయించారా అని తవ్వుతారట. అనంతపురం కోర్టు మెట్లు ఎన్నేళ్ళు ఎక్కి దిగాలో ఎవరికీ తెలియదు. ఇంట్లో మూడు మగ్గాలుంటే రెండు మూలపడి చాలాకాలమైంది. మూడోదాని మీద మారుతి సేటుకు కూలికి నేస్తాడు. పొయ్యి వెలిగేది సువర్ణ జీతం మీదనే. బళ్ళో చదివే కూతురు శశి, అమ్మ శాటిలైట్ చేసిందని ఊరంతా చాటుకుని, ఇప్పుడు రెండు వారాలుగా బళ్ళో ఎవరితోనూ మాట్లాడటం లేదట.

“కండ్లు మసకలు, గుర్తుపట్టలేనని చెప్పు, సరిపోతాది” అంది అంజనమ్మ.

“యాభై ఏండ్లాయ నేను పోగు పట్టబట్టి. దాని మీద ఒక్కనాడు అబద్ధం చెప్పలేదు.”

“ఒక్కనాడు చెప్తే కొంపలేం మునగవు. చెప్పకుంటేనే మునుగుతాది.”

“మామను ఇరకాటంలో పెట్టేదెందుకు?” అంది సువర్ణ. “కారు వచ్చేసరికి వాకిట్లో నిలబడుకోని నేనే చెప్తా.”

“చెప్పు!” అని అరిచాడు మారుతి. “చెప్పి జైలుకు పో. నీ బిడ్డను బళ్ళో ఏమని పిలుస్తారో అది కూడా చెప్పిపో. తల దువ్వేదెవరు, అన్నం పెట్టేదెవరు, అదీ చెప్పిపో!”

సువర్ణ నోరు మూతపడింది. బిడ్డ పేరెత్తితే తన నోరు మూతపడుతుందని మొగుడికి తెలుసు. తెలిసే ఎత్తాడు.

బయట కారు హారన్ వినిపించింది. అంజనమ్మ కోడలి భుజం పట్టుకుని మగ్గాల గదిలోకి తోసింది. “నువ్వు లోపలుండు. నీ మొగం చూస్తే అడక్కుండానే తెలిసిపోతాది.”

తనను తోయడానికి అత్తకు పెద్ద బలం అక్కర్లేకపోయింది. అది సువర్ణకు ఆ క్షణంలోనే తెలిసింది.

వచ్చినవాడు హనుమంతరాయుడు, కంపెనీ పర్సనెల్ మేనేజరు. తాడిపత్రి మనిషి. కంపెనీ మెళ్ళో వేసిన కార్డు తియ్యకుండానే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, కాఫీ వద్దు వద్దంటూనే రెండు గ్లాసులు తాగాడు. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఇంత చిక్కు ఉండేది కాదు, తిట్టుకుని ఊరుకునేవాళ్ళు.

“జయరామన్నా, నీ దగ్గర దాపరికమెందుకు. శుక్రవారానికి రిపోర్టు పోవల్ల. మిలిటరీవాళ్ళు మనకు ఆరు శాటిలైట్ల పని ఇచ్చినారు. ఒకటి పాయ. ఇది ఒక మనిషి చేసిన తప్పని తేలితే మిగతా అయిదూ మనకే ఉంటాయి. కాదు, మీ కంపెనీ పద్ధతే సరిలేదని వాళ్ళు అంటే, ఆ అయిదూ ఇంకొకరికి పోతాయి. తా చెడ్డ కోతి వనమెల్లా చెరిచిందన్నట్టు, నలభై ఇండ్లూ పాడవుతాయి.”

“అంటే మీకు కావల్సింది నిజమా, మనిషా?”

హనుమంతరాయుడు నవ్వాడు. “రెండూ ఒకటే అయితే మంచిది గదన్నా.”

“కాకుంటే?”

“కాకుంటే మనిషే కావల్ల.”

“భూతద్దం పెట్టి చూసి సరే అన్న సార్లుండారే, వాళ్ళ పేర్లు లేవా ఆ రిపోర్టులో?”

“వాళ్ళు పెద్దోళ్ళన్నా” అని ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టాడు.

జయరాముడు అన్నాడు. “సువర్ణ నా కోడలు. తెలుసు గదా మీకు?”

“తెలుసు. అదే నేను ఆడోళ్ళతో అంటి. ఏమన్నారో తెలుసునా? కోడలు గానీ, కడుపున పుట్టిన కూతురు గానీ, ఆయప్ప పోగు విషయంలో అబద్ధమాడడు సార్ అన్నారు. ముందుగా ఆ మాట అనింది పుష్పావతే.”

మగ్గాల గది తలుపుకు గడియ లేదు. దగ్గరగా వేసిన రెక్కల సందులోంచి సువర్ణకు మామ మోకాళ్ళు, వాటిమీద పరిచిన ఫోటో కనిపిస్తున్నాయి. పెద్దది చేసి, మందపు కాగితం మీద అచ్చు వేయించారు. ముడి ఇక్కడికే బొటనవేలంత లావుగా కనిపిస్తోంది.

పుష్పావతిది ఎడమచేతి వాటం. గొర్రెలు కాసే ఇంటి పిల్ల, మగ్గం మొహం ఎరగదు. శిక్షణలో మొదటి వారమంతా ఆమె వేసిన ప్రతి ముడీ ఎదురు తిరిగేది. జయరాముడు నాలుగు రోజులు తంటాలు పడి, “దేవుడిచ్చిన చెయ్యిని నేనెందుకు తిప్పల్ల, నీ తట్టునే గట్టిగా వెయ్యి” అని వదిలేశాడు. అందుకే పుష్పావతి ముడి కొస ఎప్పుడూ ఎడమకు పడుతుంది. ఫోటోలోని ముడి కొస కుడికి పడింది. అది చూడటానికి ఆయనకు కళ్ళద్దాలు కూడా అక్కర్లేదు.

ఇప్పుడు నా పేరు చెప్తాడు అనుకుంది సువర్ణ. అనుకుని, ఎదురుచూసింది. మామ చెప్పేస్తే తాను నోరు విప్పే పని తప్పుతుంది. జైలో కోర్టో, ఏదో ఒకటి అయిపోతుంది.

జయరాముడు ఫోటోను దగ్గరికి తెచ్చుకున్నాడు. దూరం పెట్టాడు. గుమ్మంలో నిలబడ్డ కొడుకు వైపు ఒకసారి చూశాడు.

“ఇది పుష్పావతి చెయ్యి” అన్నాడు.

సువర్ణకు ముందు కలిగింది ఊరట. గోడకు ఆనుకునేంత ఊరట. సిగ్గు దాని వెనకాల వచ్చింది. ఏది ముందు వచ్చిందో, ఏది వెనక వచ్చిందో ఆమెకు స్పష్టంగా తెలుసు. ఇంక బతికినన్నాళ్ళూ ఆ సంగతి తనకు తెలిసే ఉంటుంది.

“ఖాయమేనా అన్నా?”

“ఖాయమే.”

హనుమంతరాయుడు ఒకసారి ఫోటో వైపు, ఒకసారి ముసలాయన మొహం వైపు చూశాడు. ఏదైనా అనుమానం తగిలిందో లేదో గానీ, తగిలినా దాన్ని పట్టుకోవాలని ఆయనకు లేదు. సంచిలోంచి కాగితం తీసి, ఎక్కడ సంతకం పెట్టాలో వేలు పెట్టి చూపించాడు.

జయరాముడు పెన్ను అందుకున్నాడు. విదిలించి చూశాడు. కళ్ళద్దాలు తీసి పంచె కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. కాగితం మొత్తం చదువుతానన్నాడు. చదివాడు. మళ్ళీ ఒకసారి పెన్ను విదిలించాడు. అప్పుడు పెట్టాడు సంతకం.

“రేపు పది గంటలకు ఆయమ్మలిద్దరినీ ఆఫీసుకు రమ్మంటాము. పెద్దసార్ల ముందర పేరు చదువుతారు. అంతవరకూ ఎవరితోనూ అనొద్దు” అని చెప్పి హనుమంతరాయుడు కారెక్కాడు.

కారు సందు మలుపు తిరిగే దాకా ఎవరూ కదల్లేదు. సువర్ణ తలుపు తోసుకుని బయటికొచ్చింది.

“ఎందుకట్ల చెప్పినావు మామా?”

జయరాముడు కళ్ళద్దాలు తీసి మడిచాడు.

“ఆ పిల్ల ఏం చేసిందని? ఏడు బోర్లు వేస్తే ఏడూ ఎండిపాయ. మొగుడు కుళ్లాయప్ప గొర్రెలమ్ముకోని బెంగుళూరులో వాచ్‌మన్ పని చేస్తాండాడు. ఇంట్లో ముసలి అత్త మంచం మీద ఉండాది. ఆ పిల్ల మీద ఎందుకు చెప్పినావు?”

“వాళ్ళకు ఇంక పొయ్యేదేముండాదిలే” అన్నాడు మారుతి.

“నోరు ముయ్యి!” అన్నాడు జయరాముడు. ఆ ఇంట్లో ఆయన గొంతు పెంచి ఎన్నేళ్ళయిందో. మారుతి వెనక్కి తగ్గాడు.

ముసలాయన కోడలి వైపు తిరిగాడు. ఈసారి గొంతు తగ్గింది.

“నువ్వెందుకు రాలేదు?”

సువర్ణకు అర్థం కాలేదు.

“నేను ఆ మాట చెప్పినాక సంతకం పెట్టేదానికి ఎంతసేపు పట్టిందో చూసినావా? పెన్ను బాగానే ఉండె. అద్దాలూ బాగానే ఉండె. నువ్వొస్తావని చూసినా. నువ్వు తలుపు తోసుకోని వచ్చి నాది అనుంటే, ముసలోనికి కండ్లు కనపడలేదని నవ్వి ఊరుకుందుము. నా అబద్ధం ఆడికాడికే చచ్చిపోతుండె.” ఆయన ఊపిరి తీసుకున్నాడు. “నీ పేరు నా నోటితో చెప్పలేకపోయినా తల్లీ. అది నాకు చేతకాలేదు. నువ్వు చెప్పుకుంటావని అనుకుంటి.”

అంజనమ్మ ముక్కు చీదుకుంది. గిన్నెలో ఉగ్గాని గట్టిపడిపోయింది. ఆమె దాన్ని తీసుకుపోయి వీధికుక్కకు పెట్టి వచ్చింది.

సువర్ణ ఏడవలేదు. ఏడిస్తే ఎవరో ఒకరు ఓదారుస్తారు. ఈ పూట తనను ఎవరూ ఓదార్చకూడదని ఆమెకు గట్టిగా అనిపించింది. మధ్యాహ్నమంతా అంట్లు తోమింది. తోమినవే మళ్ళీ తోమింది. ఇప్పుడైనా ఫోన్ చేసి చెప్పొచ్చు కదా అని రెండుసార్లు ఫోన్ తీసింది. చెప్తే ఇప్పుడు తన తప్పు ఒక్కటే బయటపడదు. మామ దొంగ సంతకం కూడా బయటపడుతుంది. అరవై ఎనిమిదేళ్ళ మనిషిని పోలీసులు స్టేషనులో బెంచీ మీద కూర్చోబెడతారు. పొద్దున చెప్పి ఉంటే ఒక్క మనిషితో పోయేది. అడకత్తెరలో పోకచెక్క అంటారే, ఈ ఇంట్లో ఇప్పుడు అందరూ అదే.

నాలుగు గంటలప్పుడు వాకిట్లో చెప్పుల చప్పుడైంది.

“అక్కా! సువర్ణక్కా!”

పుష్పావతి గొంతు. మారుతి మంచం మీదనుంచి లేచి కూర్చున్నాడు. అంజనమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చి, కోడలి వైపు చూసి, పెదవుల మీద వేలు పెట్టింది.

పుష్పావతి లోపలికొచ్చింది. రెండు బస్సులు మారి వచ్చినట్టుంది, మొహం దుమ్ముకొట్టుకుపోయి ఉంది. చేతిలో చిన్న గుడ్డమూట. “అలసంద కాయలు. రోంతే కాసినాయి ఈ ఏడు. శశికి ఇష్టం గదా” అని మూట అంజనమ్మ చేతిలో పెట్టింది.

తర్వాత గోడ వారగా కూర్చున్న జయరాముడి దగ్గరికి పోయి, వంగి కాళ్ళకు మొక్కింది. ఆయన కాళ్ళు వెనక్కి లాక్కోబోయాడు, కుదరలేదు.

“పెద్దాయనా, ముడి చూసి చెయ్యి గుర్తుపట్టి సంతకం పెట్టినావంట గదా. కారు డ్రైవరు బయ్యన్న మా ఊరోడే, ఫోన్ చేసి చెప్పినాడు. ఎవరి పేరో వానికి తెలీదంట. నాకు తెలీదా?” ఆమె కళ్ళు తుడుచుకుంది. “నీకు ఎంత కష్టమయ్యిందో! సొంత కోడలు. ఒక్కసారి, ఒక్కసారే పెద్దాయనా, ఇంటి మనిషిని కాపాడుకునేదానికి నా పేరు చెప్తావేమో అనుకుంటి. అట్ల అనుకున్నందుకు నన్ను చెప్పుతో కొట్టల్ల.”

జయరాముడు లేచి, గోడ పట్టుకుంటూ మగ్గాల గదిలోకి పోయి తలుపు దగ్గరగా వేసుకున్నాడు.

“పాపం, మనిషి దిగులుతో ఉండాడు” అంది పుష్పావతి.

సువర్ణ ఆమెకు చెంబుతో నీళ్ళిచ్చింది. చెంబు అందుకుంటూ పుష్పావతి ఆ చేతిని వదల్లేదు.

“అక్కా, నామీద కోపం పెట్టుకోవద్దు. నాది కాదని చెప్పినానే గానీ, నీదని ఎవరితోనూ చెప్పలేదు. నాలుగుసార్లు పిలిపించి అడిగినారు. చూసినావా, చూసినావా అని. చూడలేదనే చెప్పినా.”

“చూసినావా?” అని అడిగింది సువర్ణ.

“పక్కనే ఉంటిని గదక్కా. కత్తి జారినప్పుడు నువ్వు ఉలిక్కిపడితివి. నేను చూసీ చూడనట్టు ఉంటి. ఎర్ర చీటీ రాయక్కా అని చెప్పల్లనుకుంటి. మళ్ళా నీకంత పనితనం ఉండాది, నీకు చెప్పేదానికి నేనెవరులే అని గమ్మునైతి. అట్ల చూస్తే తప్పు నాదీ ఉండాది.”

“నీదేం లేదు” అంది సువర్ణ.

“ఉండాదిలే. అందుకే వచ్చినా.” పుష్పావతి నీళ్ళు తాగి చెంబు దించింది. “రేపు పదింటికి ఇద్దరినీ రమ్మన్నారు. నేనొచ్చి నిన్ను పిలుచుకోని పోతా. ఒక్కదానివే పోవద్దు. అంతమంది పెద్దసార్ల ముందర నీ పేరు చదివేటప్పుడు, పక్కన ఒక మనిషి ఉండల్ల గదా. కేసు పెట్టినా సరే, నువ్వు కావాలని చేయలేదని నేను యాడికొచ్చైనా చెప్తా. శశి గురించి బాధ పెట్టుకోవద్దు. మా అత్తకు పెట్టే సంగటిలోనే దానికీ ఒక ముద్ద.”

అంజనమ్మ గుమ్మంలో కొంగు నోట్లో కుక్కుకుంది. మారుతి భార్య వైపే చూస్తున్నాడు. చూపులో బెదిరింపు లేదు ఇప్పుడు, బతిమాలుతున్నాడు.

సువర్ణ పెదవులు విడివడ్డాయి. చెప్పాల్సిన మాట నాలుక మీదే ఉంది. అది మూడంటే మూడు మాటలు. పొద్దున ఇంట్లోవాళ్ళతో అన్నదే.

“ఏమక్కా?” అంది పుష్పావతి, ఇంకాస్త దగ్గరికి జరిగి.

“ఏం లేదు.”

“మరి తొమ్మిదికి వచ్చేదా?”

“సరే, రా” అంది సువర్ణ.